ముందు పోర్షన్‌లో ఏడు నెలలు

పోయిన నెల మా ముందు పోర్షన్‌లో ఉంటున్న బ్యాంకు దంపతులు ఖాళీ చేసి వెళ్లిపోతున్నామని ఫోనులో మెసేజి పెట్టారు. పదకొండు నెలలకని కాగితం రాసుకున్నవాళ్లు, ఆరు నెలలైనా నిండలేదు. కళ్లద్దాలు వెతుక్కుని ఆ నాలుగు ముక్కలూ చదివి, సరేనని మా తమ్ముడి బిడ్డ చేత జవాబు పెట్టించాను. ఆ పిల్లకు కోపం వచ్చింది. "గట్లెట్ల సరే అంటవ్ అత్తా? ఎందుకు పోతున్నరో అడుగవా?" అని నా మొహంలోకి చూసింది. కిరాయికి ఉన్నవాళ్లు వెళ్తామంటే ఎందుకని నేను అడగను. ఒకే ఒక్కసారి అడిగాను. ఆ సంగతి ముప్పై అయిదేళ్లకు పైగా ఎవరికీ చెప్పలేదు. నా ఈడు ఆడవాళ్లకైతే చెప్పుకోవచ్చుననిపించి ఇప్పుడు రాస్తున్నాను.

అప్పటి బోధన్ మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. క్రషింగ్ మొదలైందంటే చెరుకు బండ్లు మా వీధి మలుపు దాకా బారులు తీరేవి, ఊరంతా పాకం వాసన, దండెం మీద ఆరేసిన తెల్ల బట్టల మీద సన్నని నల్లటి మసి. చక్కెర ఫ్యాక్టరీ టైం ఆఫీసులో మా ఆయన గుమాస్తా. ఏ పనైనా కాగితం మీద ఉంటే తప్ప నిద్ర పట్టని మనిషి, కోపం మాత్రం ఎరగడు. నేను వేల్పూరు నుంచి ఈ ఇంటికి కోడలిగా వచ్చి అప్పటికి పన్నెండేళ్లు. పిల్లలు లేరు. ఎవరూ మొహం మీద ఏమీ అనలేదు, అంతటి చెడ్డవాళ్లు కారు మా వీధివాళ్లు. తొట్టెల పండుగలకు నన్నూ పిలిచేవాళ్లు. కాకపోతే బిడ్డను తొట్టెలలో వేసే వేళకు ఎవరో ఒకరు నన్ను వంటింట్లోకి ఏదో తెమ్మని పంపేవాళ్లు. నేను వెతికి తెచ్చేసరికి పాటలు కూడా అయిపోయేవి.

అట్లాంటి రోజుల్లో మా ముందు రెండు గదుల్లోకి ఒక కుటుంబం కిరాయికి దిగింది. ఆమె సర్కారు దవాఖానాలో నర్సు, పెనిమిటి కరెంటు లైన్‌మన్. మెథడిస్టు క్రైస్తవులు, ఆమె పుట్టిల్లు దగ్గర్లోని మోస్రా. మా ఆయన అలవాటు ప్రకారం ఏడాదికని స్టాంపు కాగితం రాయించి, వాళ్ల చేత సంతకాలు పెట్టించి, మా ఇనుప పెట్టెలో దాచారు. ఆమెను వీధి వీధంతా సిస్టర్ అనే పిలిచేది, నేనూ అంతే. ఏడాది నిండి రెండు నెలలైన ఆడపిల్ల వాళ్లకు, బొద్దుగా, నూనె రాసినట్టు నిగనిగలాడే చెంపలు, నవ్వితే కింద రెండే పళ్లు. పిల్లను చూసుకోవడానికి మోస్రా నుంచి సిస్టర్ తల్లి వచ్చి ఉండేది గానీ, నాట్లు మొదలుకాగానే ఆమె పోక తప్పలేదు. మరునాడు పొద్దున్నే సిస్టర్ తెల్లచీర కట్టుకుని, పిల్లను చంకనేసుకుని మా గడపలో నిలబడింది.

"రెండు దినాలు జర చూడుండ్రి అక్కా. మనిషి దొరకంగనే పెట్టుకుంట" అంది.

మనిషి దొరకలేదు. దొరకనివ్వలేదని చెప్పడమే నిజం. ఎవరో ముసలమ్మ పనికి వస్తానంటే, ఆమెకు దగ్గు ఉందనీ, పసిపిల్ల దగ్గర పెట్టొద్దనీ నేనే చెప్పి తిప్పి పంపాను. పొద్దున నువ్వుల నూనె రాసి నలుగు పెట్టడం, కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి వేణ్నీళ్లు పోయడం, సాంబ్రాణి పొగ పట్టడం, మెత్తగా కలిపిన పప్పుచారు అన్నం వేలితో పెట్టడం, ఇవన్నీ ఎవరూ నేర్పకుండానే నా చేతులకు ఎట్లా వచ్చాయో నాకే తెలియదు. మా వసారాలోనే ఆ పిల్ల నిలకడగా నాలుగడుగులు వేసింది. సాయంత్రం ఫ్యాక్టరీ సైరన్ కూయగానే చెవులు మూసుకుని నా ఒళ్లోకి ఉరికేది. మా ఆయన సైకిలు దిగి, చేతులు కడుక్కున్నాక గానీ పిల్లను ముట్టుకునేవారు కాదు, కానీ ఆ కడుక్కోవడంలో ఎంత తొందరో!

మాటలు మొదలయ్యాయి. పిల్ల నన్ను 'అమ్మా' అని పిలవడం మొదలుపెట్టింది. పక్కింటివాళ్లు విని ఆశ్చర్యపోతే, దానంతట అదే అంటోందని చెప్పాను. అబద్ధం. సిస్టర్ డ్యూటీకి పోయాక, వంటింటి గుమ్మం దగ్గర పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని, "అమ్మ ఎవలు? అమ్మ యాడుంది?" అని అడిగి, దాని చిన్న వేలు పట్టుకుని నా గుండె మీద పెట్టుకునేదాన్ని. పదిసార్లు, ఇరవైసార్లు. అది చెప్పగానే బెల్లం ముక్క పెట్టేదాన్ని.

సిస్టర్ మొదట నవ్వింది. "ఇద్దరమ్మలు దొరికిండ్రు దీనికి" అనేది. తర్వాత్తర్వాత ఆ నవ్వు తగ్గింది. డ్యూటీ నుంచి వచ్చి చీరైనా మార్చుకోకుండా మా గుమ్మంలోకి వచ్చేది, పిల్ల నిద్రపోతుంటే నేను లేపనిచ్చేదాన్ని కాదు. మేలుకుని ఉంటే మాత్రం ఆమె చేతులు చాచగానే పిల్ల నా మెడ గట్టిగా పట్టుకుని ఏడుపు లంకించుకునేది. ఒకనాడు ఆమె సంతలో కొన్న గిలక తెచ్చి చూపించింది. పిల్ల గిలక తీసుకుని మళ్లీ నా భుజం మీదే తల పెట్టుకుంది. సిస్టర్ తన గదిలోకి పోయి తలుపు దగ్గరగా వేసుకుంది. అప్పుడు నాకు కలిగింది జాలి కాదు. సంతోషం. ఇన్నేళ్లకు దాచి లాభం లేదు, సంతోషమే కలిగింది.

ఏడో నెలలో లైన్‌మన్ వచ్చి, సిస్టర్‌కు నిజామాబాద్‌కు బదిలీ అయిందనీ, వచ్చే ఆదివారం ఖాళీ చేస్తామనీ మా ఆయనతో చెప్పాడు. సర్కారు కొలువులంతే గదా అని ఈయన తలూపారు. రెండు రోజులకు దవాఖానాలో పనిచేసే ఆయా మా వీధిలో కనిపించి, బదిలీ అంటూ ఏమీ రాలేదనీ, సిస్టరే అర్జీ పెట్టుకుని తిరుగుతోందనీ చెప్పింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఇనుప పెట్టె తెరిచి స్టాంపు కాగితం తీసుకుని నేరుగా ముందు పోర్షన్‌కు వెళ్లాను. సిస్టర్ గిన్నెలు గోనెసంచిలో సర్దుతోంది. లైన్‌మన్ మంచం విప్పుతున్నాడు.

"ఏడాదని రాసిచ్చిండ్రు. ఇంకా ఐదు నెలలుంది. ఎట్ల పోతరు? ఎందుకు పోతున్నరో చెప్పుండ్రి" అన్నాను.

"కావాల్నంటే ఒక నెల కిరాయి ఎక్కువ ఇచ్చి పోతమక్కా" అన్నాడతను నేల చూపులు చూస్తూ.

కిరాయి ఎవరడిగారని నేను గొంతు పెంచాను. సిస్టర్ పెనిమిటిని బయటికి పొమ్మని సైగ చేసి, చేతులు తుడుచుకుని లేచింది.

"పోయిన నెల ఒకనాడు డ్యూటీకెల్లి వచ్చిన గదా అక్కా. పిల్ల మీ ఒళ్లె కూసొని నన్ను చూసింది. చూసి మీతోని ఏమన్నదో యాదికుందా? 'అమ్మా, సిత్తరొచ్చింది' అన్నది."

నాకు యాదికి ఉంది. సిస్టర్ అనే మాట దాని నోట అట్లాగే పలికేది. ఆ మాటకు నేను ముద్దుపెట్టుకుని నవ్వాను కూడా.

"మీరు మంచిగనే చూసుకున్నరు. మీ మీద తప్పు పెడ్తలేను. గానీ నా బిడ్డ నాకు గావాలె గదా" అంది.

అప్పుడైనా నేను నోరు మూసుకోవలసింది. "డ్యూటీలే ఎక్కువైనోళ్లు పిల్లల్ని ఎందుకు కంటరు?" అన్నాను. ఆ మాట నా నోట వచ్చింది, ఇంకెవరి నోటా కాదు. సిస్టర్ మోకాళ్ల మీద కూర్చుని మళ్లీ గిన్నెలు సర్దుకోవడం మొదలుపెట్టింది. వసారాలో ఉన్న మా ఆయన అంతా విన్నారు. లోపలికి వచ్చి, నా చేతిలోంచి కాగితం తీసుకుని మడిచి జేబులో పెట్టుకుని, బయట నిలబడ్డ లైన్‌మన్‌తో "ఐతారం బండి నేను మాట్లాడుత తమ్మీ, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నారు. నాతో ఆ రోజు గానీ, ఆ తర్వాత గానీ దాని గురించి ఒక్క మాట మాట్లాడలేదు.

ఆదివారం చర్చి అయ్యాక సామాను ఎక్కించారు. సిస్టర్ వంటింటి గుమ్మం దాకా వచ్చి "పోయొస్తమక్కా" అంది. నేను పొయ్యి మీద ఏమీ లేకపోయినా పొయ్యి వైపే తిరిగి నిలబడ్డాను. బండి కదిలాక పిల్ల 'అమ్మా' అని ఏడవడం వినిపించింది. మా ఇద్దరిలో ఎవరిని పిలిచిందో నాకు తెలియలేదు.

ఆ గదులు ఎన్నో నెలలు ఖాళీగా ఉన్నాయి. అడగడానికి వచ్చినవాళ్లను ఏదో సాకు చెప్పి పంపేసేదాన్ని. చివరికి ఒక ఆదివారం మా ఆయనే నిజామాబాద్ బస్సు ఎక్కించి, ఖాళీ చేసేనాడే లైన్‌మన్‌ను అడిగి రాసుకున్న చిరునామాకు నన్ను తీసుకెళ్లారు. దారిలో ఒక గౌను కొన్నాం. తలుపు తీసింది సిస్టరే. ఆమె వెనకనుంచి పిల్ల తొంగి చూసి, తల్లి కాలు వాటేసుకుని "అమ్మా, ఎవలు?" అని అడిగింది. మాటలన్నీ వచ్చేశాయి దానికి. నేను మాత్రం దాని కళ్లలో ఎక్కడా లేను. అది మరిచిపోవడానికి అయిదు నెలలు చాలాయి.

"పెద్దమ్మరా. నిన్ను ఎత్తుకొని తిప్పిన పెద్దమ్మ. పో, దగ్గరికి పో" అని సిస్టర్ పిల్లను నా వైపు నెట్టింది.

మగవాళ్లు ముందు గదిలో మాట్లాడుకుంటుంటే నేను వంటింట్లోకి ఆమె వెంట వెళ్లి, ఆ మాట అన్నందుకు ఏడ్చాను. పిల్లకు అమ్మా అనడం నేర్పింది కూడా నేనేనని చెప్పేశాను. ఆమె చాయ పొంగకుండా మంట తగ్గించింది.

"నాకెరికే అక్కా. ఒకనాడు డ్యూటీ తొందరగ అయిపోతే వచ్చిన. కిటికీలకెల్లి చూసిన."

"మరి నన్ను ఎందుకడగలె?"

"నువ్వు గట్ల నవ్వంగ నేను ఎన్నడు చూడలే. చూసినంక ఏమని అడుగుదు?"

మొదటిసారి నన్ను 'నువ్వు' అంది. బదిలీ అని అబద్ధం చెప్పింది కూడా నా పరువు కోసమేనని అప్పటికి అర్థమైంది. చాయ తాగి వచ్చేశాం. తర్వాత రెండు క్రిస్మస్‌లకు కార్డులు వచ్చాయి. వాళ్లు ఏదో దూరపు ఊరికి నిజంగానే బదిలీ మీద పోయారని విన్నాను. ఆ పిల్లకిప్పుడు పిల్లలుంటారు.

ఫ్యాక్టరీ మూతపడి ఎన్నో ఏళ్లయింది, మా ఆయన పోయి కూడా చాలా కాలమైంది. ఇల్లు అడగడానికి వచ్చేవాళ్లు ఇప్పుడు నీళ్ల గురించి కాదు, వేరే దారి ఉందా, వేరే మీటరు ఉందా అని ముందు అడుగుతారు. ఉన్నాయని చెబుతాను, నేనే పెట్టించాను. పిల్లలను పొద్దున్నే స్కూటరు మీద ఎక్కడో దింపి సాయంత్రం తెచ్చుకుంటారు, వాళ్ల పేర్లు కూడా నాకు తెలియవు. ఒకరి జోలికి ఒకరం పోకుండా బతకడం అందరం నేర్చుకున్నాం. దానివల్ల ఏ తల్లికీ కష్టం కలగదు, మంచిదే. కానీ సాయంత్రం వసారాలో ఒక్కదాన్నే కూర్చున్నప్పుడు, ముందు నుంచి పోయే ఏ పిల్లయినా ఒక్క క్షణం ఆగి నా కొంగు పట్టుకుంటే బాగుండునని ఇప్పటికీ అనిపిస్తుంది. అనిపించగానే భయమేసి, లేచి లోపలికి వెళ్లిపోతాను.