బిగబట్టిన ఒళ్ళు

ఆసుపత్రిలో ఆయాగా పనిచేసే ఆమెను అందరూ సబ్బాయమ్మ అనేవారు. సబ్బుపెట్టె, తువ్వాలు పట్టుకుని ఆమె వార్డులోకి అడుగుపెట్టిందంటే ఎంత మొండి రోగి అయినా ఒళ్ళు తుడిపించుకోవాల్సిందే. దుప్పటి కప్పి ఉంచి, ఒక్కో చెయ్యీ, ఒక్కో కాలూ బయటకు తీసి, తుడిచి మళ్ళీ కప్పేసేది. సిగ్గుతో బిగుసుకుపోయేవాళ్ళకు ఒకటే మాట చెప్పేది: "మీరు సాయం చెయ్యకండి బాబూ, చేస్తే ఇంకా బరువైపోతారు. ఒళ్ళు వదిలెయ్యండి, నేను చూసుకుంటాను."

అదేం చిత్రమో గానీ, దేవుడి దగ్గరకు వచ్చేసరికి ఈ మాట ఆమెకే గుర్తుండేది కాదు. ఆదివారం అందరికంటే ముందే వెళ్ళి, చర్చి అంతా ఊడ్చి, బల్లలు తుడిస్తే గానీ చివరి వరుసలో కూర్చునేది కాదు. ఒకసారి జ్వరంతో ఊడవలేకపోయింది. ఆ రోజు ప్రభువు భోజనమని అందరికీ పంచే రొట్టె పళ్ళెం తన దాకా వస్తే పక్కావిడకు దాటించేసింది. "డ్యూటీ చెయ్యకుండా భోజనమేంటి?" అంది, ఆసుపత్రి క్యాంటీను సంగతి మాట్లాడినట్టు. ఆమె లెక్కలో దేవుడంటే పెద్ద నర్సమ్మే. రౌండ్సుకు వస్తాడు, కిటికీ మూలల్లో వేలు పెట్టి దుమ్ము చూస్తాడు. పాపం, ఆయన్ని అలా ఎవరు పరిచయం చేశారో!

అలాంటి మనిషిని పక్షవాతం మంచాన పడేసింది. కుడి పక్కంతా చచ్చుబడిపోయింది. ఎడమ చేతి వేళ్ళకు కాస్త పట్టు మిగిలింది గానీ, ఈగను తోలుకోవడానికైనా ఆ చెయ్యి పైకి లేచేది కాదు. మాట ముద్దగా వచ్చేది.

చూసుకోవడానికి ఉన్నది మొగుడొక్కడే. ఏదో ఫ్యాక్టరీ గేటు దగ్గర ఏళ్ళ తరబడి వాచ్‌మన్‌గా కూర్చుని వచ్చినవాడు, చర్చిలో ప్రసంగం మొదలవగానే కునుకు తీసేవాడు. పెళ్ళయిన నాటి నుంచి పెళ్ళాం గీసిన గీత దాటి ఎరగడు. ఇప్పుడు ఆ మనిషి ఆమెకు ఒళ్ళు తుడవాలి. తుడిస్తే దిండు తడిసేది, సబ్బు కళ్ళల్లో పడేది.

"నా ఒళ్ళు తుడుస్తున్నావా, గోడకు సున్నం కొడుతున్నావా?" అని ముద్ద మాటలతోనే కసిరేది.

పక్కకు తిప్పడం మరీ కష్టంగా ఉండేది. ఆయనకు బరువు కాకూడదని ఆమె మంచం పట్టె పట్టుకుని ఒళ్ళంతా బిగబట్టేది. ఆయనేమో రొప్పుతూ, నడుం పట్టుకుని నిలబడిపోయేవాడు. అది చూసి ఆమెకు ఏడుపొచ్చేది, కన్నీళ్ళు తుడుచుకోవడం కూడా చేతనయ్యేది కాదు.

రోజూ దేవుడితో బేరం పెట్టేది. "చెయ్యి ఒక్కటి ఇయ్యి ప్రభువా. కాలు నీ దగ్గరే ఉంచుకో. పాక్కుంటూ అయినా ఊడుస్తాను." చెయ్యి రాలేదు.

ఆమె చర్చికి రాలేదు కాబట్టి పాస్టరుగారే ప్రభువు భోజనం రొట్టె, ద్రాక్షరసం పట్టుకుని ఇంటికి వచ్చారు.

"చర్చి ఇప్పుడెవరు ఊడుస్తున్నారు అయ్యగారూ?" అని అడిగింది.

"ఎవరో ఒకరు ఊడుస్తున్నార్లే అమ్మా. ఇది తీసుకో."

"నేనేం చేశానని?"

"ఏమీ చెయ్యలేదు. చేసినవాళ్ళకే ఇమ్మని ప్రభువు నాకు చెప్పలేదు తల్లీ."

ఆమె పళ్ళు బిగించి గోడవైపు తల తిప్పుకుంది. ఆయన ప్రార్థన చేసి, మళ్ళీ నెల వస్తానని వెళ్ళిపోయారు. ఆయన గుమ్మం దాటగానే ఆ రొట్టె ముక్క కోసం ఆమె ప్రాణం కొట్టుకుపోయింది. కావాలి, కానీ ఊరికే తీసుకోవడం చేతకాలేదు. ఇలాగే, తీసుకోకుండానే పోతానేమోనని భయం కూడా పట్టుకుంది.

మరుసటి నెల పాస్టరుగారు గుమ్మంలోకి వచ్చిన సమయానికే పక్క పాడైంది. ఆమెకు సిగ్గుతో చచ్చినంత పనైంది. మొగుడు ఆయన్ని వరండాలో కూర్చోబెట్టి, తలుపు వేసి, బకెట్టు తెచ్చుకున్నాడు.

"నీకు అసహ్యం వెయ్యట్లేదా?" అందామె కళ్ళు మూసుకుని.

"నీకు ఆసుపత్రిలో వేసేదా?"

"నాకు జీతమిచ్చారు. నీకెవరిస్తున్నారు?"

"ఎవరూ ఇవ్వట్లేదు."

"మరెందుకు చేస్తున్నావ్?"

ఆయనకు ఆ ప్రశ్నే అర్థం కాలేదు. తడిగుడ్డ మళ్ళీ బకెట్టులో ముంచాడు. "ఎందుకేమిటే? నువ్వు కదా!" అన్నాడు.

ఆమె కళ్ళు తెరిచి ఆయన్ని చూసింది. ఈ మనిషికి తాను ఇప్పుడు చెయ్యగలిగింది ఏమీ లేదు, ఇకముందూ ఉండదు. అయినా ఆయన గుడ్డ పిండుతూనే ఉన్నాడు. తలుపవతల పాస్టరుగారు చిన్నగా దగ్గారు. అక్కడ చేతిలో రొట్టె పట్టుకుని కూర్చున్నది కూడా తనకోసమే. ఎంతమందికో తాను చెప్పిన మాట అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నాళ్ళూ బిగుసుకుపోయిన రోగి తానేనని తెలిసి సిగ్గుపడింది. మంచం పట్టె మీద వేళ్ళు మెల్లగా వదిలేసింది.

"అదేంటే, ఒక్కసారిగా తేలికైపోయావ్!" అన్నాడాయన, పక్కకు తిప్పుతూ.

దుప్పటి మార్చాక పాస్టరుగారు లోపలికి వచ్చారు. గదిలో ఇంకా ఫినాయిలు వాసన పోలేదు. ఆమె చెయ్యి చాపలేదు, చాపడానికి చెయ్యి లేవదు. నోరు తెరిచింది. చచ్చుబడిన పెదవి మీద నిలిచిపోయిన రొట్టె ముక్కను ఆయన వేలితో లోపలికి తోశారు. ద్రాక్షరసం సగం గడ్డం మీదుగా కారింది. మొగుడు తువ్వాలుతో తుడిచాడు. ఆమె తుడవనిచ్చింది.

చర్చి ఎవరు ఊడుస్తున్నారో ఆ రోజు అడగలేదు.