డాక్టరుకు చెప్పని పొడి

దిల్‌సుఖ్‌నగర్ వెనక కొత్త కాలనీలో మేం కిరాయికి దిగినప్పుడు మా వీధిలో పూర్తయిన ఇళ్లు నాలుగే. తెల్లారకముందే కంకర లారీలు, పగలంతా బోరుబండ్ల మోత. నా ఉద్యోగం కోసం గుంటూరు వదిలి వచ్చిన అమ్మకు నిద్ర కరువైంది. అప్పటికే బీపీకి మాత్రలు వాడుతోంది. డాక్టరు నిద్రకు ఇంకో మాత్ర రాశాడు.

మాకు ఇల్లు కిరాయికిచ్చిన ఇంటావిడ ఆ ఊరి పాత రైతు కుటుంబం మనిషి. అమ్మంటే ఆమెకు ప్రాణం. మీర్‌పేట్‌లో వేర్లమందులిచ్చే ముసలాయన దగ్గర పొట్లాలు తెచ్చి, "గోలీలు తింటే కడుపు కరాబైతదక్కా. గిది వేర్ల పొడి, ఏం చేయది. పాలల్ల కలుపుకొని తాగు" అందట. అమ్మ మాత్రలతోపాటు అదీ మొదలుపెట్టింది. నాకు చెప్పలేదు.

రెండు వారాలకు అమ్మ వేరే మనిషైపోయింది. తొమ్మిదింటికీ లేచేది కాదు. మాట ముద్దగా వచ్చేది. ఏమీ లేకుండానే ఏడ్చేది. డాక్టరు దగ్గరికి తీసుకెళ్లాను.

"ఇంకేమైనా మందులు వాడుతున్నారా?"

అమ్మ నోరు తెరవకముందే నేను "లేదండీ" అన్నాను. ఆయన నిద్రమాత్ర సగం చేశాడు. ఏ మార్పూ లేదు.

ఆదివారం ఉదయం మంచం మీద నుంచి లేస్తూనే అమ్మ కళ్లు తిరిగి గడప మీద పడింది. నుదురు చిట్లింది. ఇంటావిడా నేనూ ఆటోలో దవాఖానకు చేర్చాం. బీపీ బాగా పడిపోయింది, నాడి నెమ్మదించింది. అక్కడి డాక్టరు మళ్లీ అదే ప్రశ్న వేశాడు. అప్పుడు ఇంటావిడ తల దించుకుని పొడి సంగతి చెప్పింది.

నాకు ఎవరి మీద అరవాలో తెలియలేదు. ఇద్దరం మీర్‌పేట్ వెళ్లాం. పొడిలో ఏముందో చెప్పమంటే, "చెప్తే నా బేరమేముంటది?" అన్నాడు ముసలాయన.

"మనిషి పానం మీదికొచ్చింది. చెప్తవా, చెప్పవా?" ఇంటావిడ అరుగు మీదే కూర్చుంది.

"సర్పగంధ వేరు. జటామాంసి" అన్నాడు చివరికి, విసుగ్గా.

డాక్టరు వినగానే, "సర్పగంధ బీపీ తగ్గిస్తుందమ్మా. మత్తూ తెస్తుంది. కొందరిలో దిగులు పెంచుతుంది. మేమిచ్చిన మాత్రలూ బీపీ తగ్గించేవీ, మత్తు తెచ్చేవే. అన్నీ ఒకేసారి పడ్డాయి" అన్నాడు.

నాలుగు రోజులకు అమ్మ ఇంటికి వచ్చింది. పొట్లాలు పారేయబోతే నా చెయ్యి పట్టుకుంది.

"పొడి వేసుకున్నాకే కదే నా కంటికి నిద్ర పట్టింది. మానేస్తే ఆ మాత్రలు మానాలి. ఆకులూ వేర్లూ ఎవర్నేం చేస్తాయి?"

డాక్టరు చెప్పిందంతా మళ్లీ చెప్పాను. కుట్లు అద్దంలో చూపించాను. "ఆయన మందుల గొప్ప ఆయన చెప్పుకోడా?" అంది. ఆ రోజు నాకు నిజంగా ఏడుపొచ్చింది. చివరికి ఇంటావిడే, "నా ముంగట పడ్డవక్కా. ఇగ నేను తేను" అని తేల్చేసింది. అమ్మ ఆమెతో నెలరోజులు మాట్లాడలేదు. మాత్రలు మాత్రం రోజూ నేనే చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడేదాన్ని.