మాంసానికి మడి

మొన్న పొద్దున ఆ కబురు నాకు మొదట చెప్పింది పాలు పోసే వదిన. చెంబులోకి పాలు వంచుతూనే, "మీ గౌడ్ మామ పోయిండంట వదినె, నిద్రల్నే" అంది. పాలు పొయ్యి మీద పెట్టి దేవుడి దగ్గర దీపం వెలిగించాను. అగరొత్తుల పొగలో కూడా నాకు ఒకనాటి సాయంత్రం మా ఇంట్లో మాంసం కాలిన వాసనే తగిలింది. దేవుడు ఏమీ అనుకోడులెండి. ఆ సంగతంతా ఆయన చూసిందే.

తెలంగాణ వచ్చిన మరుసటి ఎండాకాలం. దేవరకొండ పక్కన మా ఊళ్లో అత్తమ్మకు జ్వరం వచ్చి తగ్గింది గాని నోటికి రుచి తిరిగి రాలేదు. పదిహేను రోజులుగా గంజి తప్ప ఏదీ దిగలేదు. దవాఖానలో డాక్టరమ్మ, "ఏది తింటానంటే అది పెట్టండి, తినకపోతే మనిషి నిలవదు" అంది. ఏం కావాలని అడిగితే అత్తమ్మ గోడవైపు తిరిగి పడుకుంది. కానీ నాకు తెలుసు. ఇనుప పెంక మీద నీళ్లు పోయకుండా కాల్చిన మేకమాంసం, పక్కన ఇంత కల్లు. కల్లు సంగతి డాక్టరమ్మను అడగలేదు, ఏమంటుందోనని. నేను తులసిమాల వేసుకున్న నాటి నుంచి మా ఇంట్లో మాంసం వండలేదు. నేను వద్దనలేదు. "కోడలు దేవుని మనిషి, దాని పొయ్యి మీదెందుకు" అని అత్తమ్మే పన్నెండేళ్లు నోరు కట్టుకుంది. ఆ పూట నా చేతులతో వండి, తినిపించి తీరాలనుకున్నాను.

బడికి పోని నాకు బాపు ఇంట్లోనే అక్షరాలు నేర్పాడు, అత్తమ్మ వంట నేర్పింది. ఈ వంట మాత్రం ఎవరూ నేర్పలేదు. తొడ మాంసం పలుచగా కోయించి, పూజ సామాన్లు కడిగినట్టు ఏడు నీళ్లలో కడిగాను. ఉప్పు, కారం, పసుపు, ఎల్లిగడ్డ పట్టించి సగం ముక్కలు కాగిన పెంక మీద వేశాను. చుయ్యిమనాల్సింది బుడబుడమంది. నీళ్లూరి మాంసం తెల్లబారిపోయింది. అప్పుడే సాయంత్రం కల్లు దించుకుని గౌడ్ మామ వచ్చాడు. అత్తమ్మను చెల్లె అని పిలిచే మనిషి. రమ్మని కబురు పంపింది నేనే.

"ఏందే బిడ్డ, మాంసానికి గూడ మడి కట్టినవా?"

"కడగకుంటె ఎట్ల మామా?"

"ఒక్కపారి కడిగితె సాలు. నువ్వు గంగస్నానం జేపిచ్చినవ్. తడి ఉన్నంతసేపు గది కాలది, ఉడుకుతది. ఏదన్న పొడిబట్ట తే."

చేతికందింది దండెం మీది నా మడిబట్ట ఒక్కటే. జర ఆగి, ఇచ్చేశాను.

"గిది దేవుని బట్ట గదనే."

"అత్తమ్మ కోసమే మామా."

ఆయన మిగిలిన ముక్కలు ఒక్కొక్కటే దాని మీద పరచి అద్దాడు. "పెంకల ఏసినంక కదిలియ్యకు. కాలినంక ముక్కనే పెంకను ఇడుస్తది" అన్నాడు. రామనామం చెప్పుకుంటూ ఆగాను. నిజంగానే విడిచింది, ఎర్రగా, అంచులు కరకరలాడుతూ. నేను రుచి చూడను కనక ఉప్పు ఆయనే చూసి, కొంచెం చల్లాడు. కల్లు కూడా ఎంచి తెచ్చాడట. "పొద్దుగాలది తియ్యగుంటది, కొవ్వు ముక్కకు పనికిరాదు. గిది ఎండకు జర పులిసింది, కొవ్వును కోస్తది."

"ఎవరింట్ల గీ వాసన?" అంది అత్తమ్మ మంచం మీంచి.

"మనింట్లనే అత్తమ్మా."

లేచి కూర్చుంది. తాటాకు మడిచి చేసిన రేకలోని కల్లు నాలుగు చుక్కలు ఎల్లమ్మతల్లికి నేల మీద సాక పోసింది. మొదటి ముక్క చాలాసేపు నమిలింది. మేమిద్దరం ఆమె గొంతు వైపే చూస్తూ నిలబడ్డాం.

"ఉప్పు ఎవరు జూసిన్రు?"

"గౌడ్ మామ."

"గందుకే ఎక్కువైంది. ఇంకో రెండు ముక్కలు తే."

ఆ తర్వాత అత్తమ్మ నాలుగేళ్లు కడుపునిండా తిని, చల్లగా వెళ్లిపోయింది. ఇప్పుడు ఆయనా వెళ్లాడు. ఆ బట్ట మీద కారం పసుపుల మరక మాత్రం ఎన్ని ఉతుకులకూ పోలేదు. ఇవాళ్టికీ దాన్ని కట్టుకునే దీపం పెడతాను. ఇన్నేళ్లు ఎటు పోయాయో తెలియదు గాని, ఆ సాయంత్రం మాత్రం నా ఒంటి మీదే ఉంది. మీ ఇంట్లో ఎప్పుడైనా పెంక మీద ముక్క చుయ్యిమంటే, తినే ముందు ఆ తాటిచెట్లెక్కిన మనిషిని ఒక్కసారి తలచుకోండి.