పదకొండు ఊయలల చాటు

పోయినవి ముందు చెబుతాను. నూనె మిల్లులో నెలకు తొమ్మిదివందల రూపాయల పద్దుల పని. అరతులం చెవి కమ్మలు. మా ఆయనకు నాలుగు రోజుల జీతం. బిడ్డ బరువులో పావు కిలోకు కాస్త పైన, అది ఆసుపత్రి తక్కెడ చెప్పిన మాట. ఒక బొంత, రెండు పాల సీసాలు. ఇక మనుషుల మీద నమ్మకం అంటారు చూడండి, అది నా దగ్గర మొదటి నుంచీ తక్కువే. దాన్ని ఇందులో కలపను.

నాది ఏడో తరగతి చదువు. మిగతా లెక్కలు జమ్మలమడుగులో మా నాయన గొర్రెలు అమ్మేటప్పుడు దళారుల పక్కన నిలబడి నేర్చుకున్నాను. పెళ్లయి ప్రొద్దుటూరు వచ్చాక, మిల్లు గుమాస్తా జబ్బుపడిన వారం పద్దులు నేను రాస్తే, తప్పు దొరకలేదని షావుకారి నన్నే ఉంచుకున్నాడు. కాన్పుకు మూడు నెలలు సెలవిచ్చాడు, జీతం లేకుండా. నాలుగో నెల మొదట్లో రాకపోతే వేరే మనిషిని చూసుకుంటానని కబురు పంపాడు.

మా ఆయన పులివెందులలో బస్సు కండక్టరు. ఇంటికి వారానికొకసారి వచ్చేవాడు. జమ్మలమడుగులో అమ్మ గొర్రెల వెంట పోతే పొద్దుగూకేదాకా రాదు. "బిడ్డనీడ ఇడిసిపెట్టి పోమ్మే, మేకపాలు తాగి పెరగదా యేంది?" అంది. చనుపాలు తాగే బిడ్డను వదిలిపెట్టి అంతదూరం ఎలా పోతాను?

ఇంటికొచ్చి చూసే మనుషులను ఇద్దరిని విచారించాను. మొదటామె నాలుగువందల యాభై అడిగింది. "నా చేతిలో పడితే బిడ్డ నోరెత్తదు" అని గొప్పగా చెప్పింది. ఎందుకు ఎత్తదని అడిగితే, గసగసాలు నూరి పాలల్లో కలిపి తాపుతానంది. రెండో ఆమె జీతం మాట ఎత్తకముందే "మీరు ఏ పార్టీ?" అంది. ఏ పార్టీ కాదంటే, అట్లాంటోళ్ళను అసలే నమ్మలేమని లేచిపోయింది.

అప్పుడే మా వార్డు నాయకుడు ఎన్నికల ముందు పసిపిల్లలకని ఒక ఇల్లు తెరిచాడు. పదకొండు ఊయలలు, చూసుకోవడానికి ఒక ముసలి ఆయా. గోడమీద అతని ఫొటో ఒక్కటే రెండు ఊయలలంత ఉండేది. నెలకు నూట ఇరవై ముందుగా కట్టాలి, ఐదువందలు డిపాజిట్టు. డిపాజిట్టుకు నా కమ్మలు తాకట్టుకు పోయాయి. అయినా లెక్క కుదిరింది. పైగా ఎత్తు గోడ, ఇనుప గేటు, గేటు దగ్గర ఎప్పుడూ ఇద్దరు మనుషులు. దుడ్లు తీసుకోని కాపలా దొరికిందనుకున్నాను. ఆ ఇద్దరూ ఎవరికి కాపలా అని మాత్రం అడగలేదు.

ఎనిమిది రోజులు సాఫీగా గడిచాయి. తొమ్మిదో రోజు మధ్యాహ్నం పక్క వీధిలో అవతలి పార్టీవాణ్ణి ఎవరో నరికారు. బజారు మూశారు, మిల్లూ మూశారు. నేను పరుగున పోయేసరికి గేటుకు లోపల తాళం. బయట ఏడెనిమిది మంది తల్లులు.

"తాళం తీయప్పా, బిడ్డను తీసకపోవల్ల" అన్నాను.

"ఇప్పుడు కాదమ్మా, మాపటికి రా. పిల్లోల్లను శానా బాగా చూసుకుంటాండాం" అన్నాడు గేటు మనిషి.

కమ్మీల్లోంచి చూస్తే వరండాలో రెండు ఊయలల నడుమ చాప వేసుకుని నాయకుడు కూర్చున్నాడు. చుట్టూ ఆరుగురు, చేతుల్లో టీ గ్లాసులు. నా పక్కన గాజులమ్మే ఆమె నిలబడింది. మా వీధే. మొగుడు కువైట్లో ఉంటాడు, ఆమె కొడుకూ లోపలే ఉన్నాడు.

"ఏం మామా, మీసాలు చూసి మగోళ్ళనుకుంటిమే" అందామె.

"నోరు మూసుకోమ్మా, లోపల పెద్ద మనుషులుండారు."

"యాడ? నాకు ఊయల్లో ఉండేటోళ్ళు తప్ప ఎవురూ కనపడలే."

నా బిడ్డ గొంతు నాకు వినబడుతూనే ఉంది. పాలు తాపావా అని ఆయాను కేకేసి అడిగాను. ముసలామె గేటు దాకా వచ్చి తల వంచుకుంది. "పాలన్నీ టీకి పోయించుకున్యారు తల్లీ. ఏడుస్తాంటే చక్కెర నీళ్ళు తాపిచ్చినా."

నాయకుణ్ణే పిలిచాను. "అన్నా, మీరు పిల్లోల్లను చూసుకుంటాండారా, పిల్లోల్లు మిమ్మల్ని చూసుకుంటాండారా?"

అతను సిగ్గుపడలేదు. ఓపికగా, చదువురానిదానికి చెప్పినట్టు చెప్పాడు. "పసిబిడ్డలుండే ఇంటి మీదికి ఎవురూ రారమ్మా. అది మన సీమ మర్యాద."

ఆ మర్యాద నిజమే. పసిబిడ్డలున్న ఇంటి మీద బాంబు వేయకూడదని రెండు పక్షాలవాళ్ళూ చెప్పుకునేవారు, అదేదో తమ తాతలు సంపాదించిన ఆస్తి అయినట్టు. అలాంటి ఇల్లు సొంతానికి లేనివాడు నెలకు నూట ఇరవై తీసుకుని తయారు చేసుకున్నాడు. మా బిడ్డలను మేమే డబ్బు కట్టి అతనికి గోడగా కట్టాం.

అవతలి పక్షం ఏమీ తక్కువ తినలేదు. సందు మొదట్లో జీపు ఆపుకుని సోడాలు తాగుతున్నారు. వాళ్ళలో ఒకడు, మా అమ్మ గొర్రెలను అదిలించే గొంతుతో, "మీ పిల్లోల్లను బిరీన తీసకపోండమ్మా, మాకు పనుంది" అన్నాడు. లోపలివాడికి బిడ్డలు కదలకూడదు, బయటివాడికి కదలాలి. బిడ్డలకు ఆకలి అన్న సంగతి ఇద్దరి లెక్కలోనూ లేదు.

పొద్దుగూకే వేళకు అతన్ని భద్రంగా తీసుకుపోవడానికి పోలీసు వ్యాను వచ్చింది. నాయకుడు నా బిడ్డ బొంత తలమీద కప్పుకుని, ఆ బొంతతోనే వ్యానెక్కాడు. మీసం మాత్రం బయటికి కనబడింది. వెనకాల మేం లోపలికి తోసుకుపోయి ఎవరి బిడ్డను వాళ్ళం ఎత్తుకున్నాం. సీసాలు వెతికే ఓపిక ఎవరికీ లేదు.

ఆ చక్కెర నీళ్ళు ఏ కుండవో, తెల్లారేసరికి బిడ్డకు విరేచనాలు. నాలుగు రోజులు ఆసుపత్రి. మా ఆయన పులివెందుల నుంచి వచ్చి పక్కనే కూర్చున్నాడు. ఐదో రోజు మిల్లుకు పోతే నా కుర్చీలో షావుకారి బామ్మర్ది కూర్చుని ఉన్నాడు. కూడికలు వేళ్ళమీద చేస్తున్నాడు.

తర్వాత గాజులామె, నేను ఒప్పందానికి వచ్చాం. పొద్దున ఆమె బుట్టెత్తుకుని పోతే ఇద్దరు బిడ్డలూ నా దగ్గర, మధ్యాహ్నం నుంచి ఆమె దగ్గర. బట్టల కొట్లో పూట పని దొరికింది, నాలుగువందలకు. ఆమె ఇంట్లో గసగసాలూ లేవు, పార్టీ ఫొటోలూ లేవు. గేటు కూడా లేదు, గోనెపట్టా తెర ఒకటి ఉండేది.

ఆ పిల్లల ఇల్లు మళ్ళీ తెరవలేదు. డిపాజిట్టుకు పోతే నాయకుడు ఎన్నికలయ్యాక రమ్మన్నాడు. ఎన్నికల్లో ఓడిపోయి పార్టీ మారాడు. "అవి ఆ పార్టీలో ఉన్నప్పటి దుడ్లు కదమ్మా, వాళ్ళనే అడుగు" అన్నాడు. వాళ్ళనడిగితే "తీసుకున్నది ఆయప్ప, ఆయప్పనే అడుగుపో" అన్నారు. కొన్నేళ్ళకు ఓటు కోసం మా ఇంటికే వచ్చి, ఎదిగిన నా కూతురి తలమీద చెయ్యిపెట్టి, "మా చేతుల మీద పెరిగిన బిడ్డ" అన్నాడు వెంట వచ్చినవాళ్ళతో. నేను డబ్బు సంగతి ఎత్తాను. "ఇంకా అంత చిన్న లెక్కలు పెట్టుకుంటాండావా?" అని నవ్వాడు.

పెట్టుకున్నాను. డిపాజిట్టు ఐదువందలు. నెల డబ్బులో బిడ్డను చూసుకున్నది ఎనిమిది రోజులు, మిగిలిన ఇరవై రెండు రోజులకు రోజుకు నాలుగు చొప్పున ఎనభై ఎనిమిది. వాళ్ళు టీలో పోసుకున్న పాలకు మూడు. వడ్డీ వేయలేదు, వడ్డీ మనిషన్నవాడికి వేస్తారు. అతను నాకు ఈ రోజుకీ బాకీ ఐదువందల తొంభై ఒక్క రూపాయి.