ఆఖరి పేజీలో నేను దిద్దిన గోల్

రెజ్యూమేలు దిద్దడంలో నా చెయ్యి బాగా తిరిగింది. కెనడాలో, మిల్టన్ ఊరి బేస్‌మెంట్లలో ఉండే మన స్టూడెంట్లు సగం మంది నా దగ్గరికే వచ్చేవారు. కాఫీ షాపులో కప్పులు అందించిన అమ్మాయిని కస్టమర్ రిలేషన్స్‌లోకి, గోడౌన్‌లో పెట్టెలు మోసినవాణ్ణి ఇన్వెంటరీ కోఆర్డినేషన్‌లోకి ఎక్కించేదాన్ని. ఖాళీగా గడిచిన ఏడాదిని ఇట్టే మాయం చేసేదాన్ని. అది అబద్ధమని ఏనాడూ అనిపించలేదు. కొంచెం సర్దాను, అంతే కదా అనుకునేదాన్ని.

నేనూ మా ఆయనా ఉండేది కూడా బేస్‌మెంట్‌లోనే. పైన ఇంటి యజమాని, తొంభైకి దగ్గర పడిన ఇంగ్లండ్ పెద్దాయన, ఒక్కరే ఉండేవారు. అంకుల్ అని పిలిస్తే మొదట్లో నవ్వేవారు, తరవాత అలవాటు పడ్డారు. ఇరవై ఏళ్ళ వయసులో ఆయన ఇంగ్లండ్ ఉత్తరాన ఒక చిన్న ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకి ఒకే ఒక్క సీజన్ ఆడారు. మూడో డివిజన్. ఆ లీగ్‌లో అంతకన్నా కింద మెట్టు లేదు. ఆ సీజన్‌ని పుస్తకంగా రాయించాలని ఆయన కోరిక. చూపు బాగా తగ్గిపోయింది కాబట్టి ఆయన చెప్పడం, నేను టైప్ చేయడం. ప్రతి ఆదివారం మధ్యాహ్నం అదే మా పని.

నాకు ఫుట్‌బాల్‌లో ఓనమాలు రావు. మా ఇంట్లో క్రికెట్ తప్ప ఇంకో ఆట ఉందని ఎవరికి తెలుసు! అయినా వినగా వినగా ఇష్టం పుట్టింది. వానకి నానిన తోలు బంతిని తలతో కొడితే సాయంత్రం దాకా దిమ్మెక్కిపోయేదట. మ్యాచ్ అయ్యాక పదకొండు మందికీ ఒకటే పెద్ద తొట్టి, ఆఖర్న దిగినవాడికి మిగిలేది బురదనీళ్ళే. బిస్కెట్ల డబ్బాలో దాచిన మ్యాచ్ కాగితాలు నేను చదువుతుంటే, ఆయన కళ్ళు మూసుకుని ఒక్కో గోల్ ఎలా పడిందో చెప్పేవారు. ఎక్కువగా ఎదుటివాళ్ళ గోల్సే.

ఆ టీమ్‌లో ఆయన కాక ఇంకా బతికి ఉన్నది గోల్‌కీపర్ ఒక్కరే. ఇంగ్లండ్‌లో మనవరాలి దగ్గర ఉంటున్నారు. మొదటి కాపీ ఆయనకే పంపాలన్నారు అంకుల్.

ఆఖరి పేజీ చెప్పిన రోజు ఆయన టీ ముట్టుకోలేదు. అది సీజన్ చివరి మ్యాచ్. డ్రా అయితే చాలు. ఓడితే అట్టడుగు స్థానం, ఇక మిగతా క్లబ్బుల్ని ఓట్లు అడుక్కుంటే గాని లీగ్‌లో ఉండనివ్వరు. బంతి మెల్లగా గోల్ వైపు వస్తోంది. పట్టుకోవడానికి కీపర్ ముందుకొచ్చారు. "వదిలేయ్, నేను చూసుకుంటా!" అని అరిచారు అంకుల్. ఆ మాట నమ్మి కీపర్ ఆగిపోయారు. అంకుల్ బురదలో జారిపడ్డారు. బంతి దొర్లుకుంటూ లోపలికి పోయింది.

ఆ గోల్‌తో ఓడిపోయినా, ఓట్లు పడి క్లబ్బు బతికింది. పేపర్లు మాత్రం కీపర్‌ని తిట్టిపోశాయి. క్లబ్బు ఆయన్ని తీసేసింది, మళ్ళీ ఎవరూ పిలవలేదు.

"అరిచింది నేనని నేను చెప్పలేదు. వాడూ చెప్పలేదు," అన్నారు అంకుల్. "మరుసటి ఏడాది ఓడెక్కి ఇక్కడికి వచ్చేశాను. డెబ్భై ఏళ్ళు కావస్తోంది. ఇది రాయి. పుస్తకం రాయిస్తున్నదే దీనికోసం."

"వదిలేయండి అంకుల్, నేను చూసుకుంటా," అన్నాను.

చూసుకున్నాను, ఏం చూసుకున్నాను! కిందికొచ్చి టైప్ చేస్తుంటే మనసొప్పలేదు. ఈ వయసులో తన తప్పు తనే అచ్చు వేయించుకుంటారా ఎవరైనా? ఆయన చెప్పిందంతా తీసేసి, "తడిసిన బంతి కీపర్ చేతుల్లోంచి జారి గోల్‌లోకి వెళ్ళింది. తప్పు ఎవరిదీ కాదు," అని రాశాను. ఎంత హుందాగా ఉందో అని మురిసిపోయాను కూడా.

మా ఆయన అది చూసి, "పెద్దాయనకు గూడ ఎక్స్‌పీరియన్స్ పెట్టినవా ఏంది?" అని నవ్వాడు. నేనూ నవ్వాను.

పుస్తకాలు అచ్చయి వచ్చాయి. పోస్ట్ చేసేముందు ఆఖరి పేజీ చదివి వినిపించమన్నారు అంకుల్. కనీసం అప్పుడైనా బుద్ధి తెచ్చుకోవాల్సింది. మళ్ళీ అచ్చు వేయించడమంటే పెద్ద తలనొప్పి, పైగా ఏమంటారోనని భయం. పుస్తకం చేతిలో పట్టుకుని, అందులో ఉన్నది కాకుండా ఆయన చెప్పింది గుర్తుచేసుకుని అప్పజెప్పాను. ఆయన నా చెయ్యి పట్టుకుని థ్యాంక్స్ చెప్పారు. చూపు ఆనని మనిషిని ఎదురుగా కూర్చుని మోసం చేశాను. ఇది రాస్తుంటే ఇప్పటికీ తల కొట్టేసినట్టుంది.

మూడు వారాల తరవాత ఆదివారం, నేను పైన టీ పోస్తుండగా ఫోన్ మోగింది. సరిగ్గా వినబడదని అంకుల్ స్పీకర్ పెట్టించారు. అటు మాట్లాడుతున్నది కీపర్.

"పుస్తకం అందింది. మనవరాలు చదివి వినిపించింది. నా చేతుల్లోంచి జారిందా?"

"ఏమిటి జారింది?" అన్నారు అంకుల్.

"బంతి. ఆఖరి పేజీలో అలా రాశావుగా. నువ్వు ఎప్పటికైనా చెబుతావని చూశాను. నా సంగతి పోనీ. ఈ పిల్లకి ఇప్పుడేం చెప్పమంటావు?"

అంకుల్ మొహం నా వైపు తిరిగింది. సరిగా కనిపించని ఆ కళ్ళు నా మీదే ఆగాయి. "అది నేను రాశానండీ," అంటే అయిపోయేది. ఫోన్ మూరెడు దూరంలో ఉంది.

"నాకే ధైర్యం చాల్లేదు," అన్నారు అంకుల్ ఫోన్‌లోకి. "అలా రాయించింది నేనే. ఆ రోజు అరిచిందీ నేనే. నా మాట నమ్మి నువ్వు ఆగావు."

"ఇది మా పిల్లకి చెప్పు," అన్నారు కీపర్. అంకుల్ ఆ అమ్మాయికి మొదటి నుంచీ మళ్ళీ చెప్పారు. నా ఊసే ఎత్తలేదు. నేను టీ కెటిల్ పట్టుకుని అలాగే నిలబడి, ఆయన నా తప్పు మోస్తుంటే విన్నాను.

ఫోన్ పెట్టేశాక ఆయన తిట్టలేదు. పుస్తకం నా వైపు జరిపి, "ఆఖరి పేజీ చదువు. ఈసారి అందులో ఉన్నది," అన్నారు.

చదివాను. వాన, బురద, తడిసిన బంతి, కీపర్ చేతులు. చివరి వాక్యం దగ్గర ఆగిపోయాను.

"ఇంకా ఉందా?"

"ఉంది అంకుల్."

"చదువు."

"తప్పు ఎవరిదీ కాదు," అని పైకి చదివాను.