తూము ఉన్న షీటు

ఏలూరు పవర్‌పేటలో బాజీ మాస్టారు మంచివాడు కాదనే మనిషి దొరకడు. రంజాన్‌కి పక్కిళ్లన్నిటికీ సేమియా వెళ్లాకే తను గిన్నె ముట్టుకునే మనిషి. కానీ ఆయనకో జబ్బుంది. ఎదుటివాడి గీత తన గీతకన్నా తిన్నగా కనిపించిందంటే ఆ పూట అన్నం సయించదు. కుళ్లు అనండి, ఓర్వలేనితనం అనండి, ఏ పేరు పెట్టినా జబ్బు ఒకటే. అరవయ్యేళ్లొచ్చినా తగ్గలేదు.

ఆయన పని ప్లాన్లు గీయడం. ఇంజినీర్లు పెన్సిల్‌తో వేసిచ్చిన బొమ్మల్ని ట్రేసింగ్ షీటు మీద ఇంకుతో ఎక్కించి, అమ్మోనియా మిషనులో నీలం కాపీలు తీసిచ్చేవాడు. ఆ రోజుల్లో ఇల్లు కట్టినా, రైసు మిల్లు కట్టినా ఒకటే పద్ధతి. ముందు ఇంజినీరు ప్లాను వేస్తాడు, తర్వాత ఏ కాంట్రాక్టరుకో పని అప్పగిస్తారు. ఆ ఇద్దరికీ క్షణం పడేది కాదు. గోడ పక్కకి జరిగిందంటే తప్పు నీదంటే నీదని అరుచుకుంటూ బాజీ షాపుకే వచ్చేవారు. "షీటు తీయండి మాస్టారూ" అనేవారు. షీటు మీద ఏముంటే అదే ఖాయం. బాజీ తాపీగా రేకు గొట్టంలోంచి షీటు లాగి, బల్ల మీద పరిచి, వేలు పెట్టి చూపించేవాడు. అంతే, ఇద్దరి నోళ్లూ మూతపడేవి. ఆ పెద్దరికం ఆయనకు బిర్యానీకన్నా రుచిగా ఉండేది.

ఇరవై రెండేళ్ల కిందట, ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ కోర్సు చదువుతూ హఫ్సా అనే పద్దెనిమిదేళ్ల పిల్ల పని నేర్చుకోడానికి ఆయన దగ్గర చేరింది. అన్నీ ఆయనే నేర్పాడు. కింద ట్యూబులైటు పెట్టిన గాజు బల్ల మీద ఒక షీటు పైన ఇంకో షీటు వేసి, ఏ గొట్టం ఏ దూలానికి తగులుతోందో పట్టుకోవడం కూడా ఆయన చూపించిందే. పిల్ల చప్పున పట్టేసుకుంది. అదే ఆయనకు నచ్చలేదు. నెల తిరిగేసరికి ఆ పిల్ల రాసే అక్షరాలు అచ్చు గుద్దినట్టు పడసాగాయి. బాజీ ఒక్కసారి కూడా బాగుందని అనలేదు. "చెయ్యి తేలిక చెయ్యమ్మా" అని మాత్రం అనేవాడు.

అప్పుడే కైకలూరు చివర ఒక ఐసు ఫ్యాక్టరీ కట్టారు. పునాది తవ్వుతుంటే, పైనున్న చేల నీళ్లు కొల్లేటి వైపు పోయే పంటకాలవ ఒకటి అడ్డొచ్చింది. ఆ పైచేల రైతు గంగాధరరావు గోతిలోకి దిగి నిలబడిపోయాడు. "దీన్ని మూసేస్తే మా వరి మొత్తం మునుగుతుందండీ, నా మీద పోయండి కాంక్రీటు" అన్నాడు. చివరికి ఇంజినీరు దిగొచ్చి, కాలవ ఉన్న చోట తూము కట్టించి, పైన పలకలు కప్పించి, బిల్డింగును కాస్త తూర్పుకి జరిపించాడు. మంజూరైన ప్లానులో ఇదేమీ లేదు. అందుకని కట్టడం అయ్యాక ఉన్నది ఉన్నట్టుగా బాజీ ఇంకో షీటు గీశాడు. గంగాధరరావు షాపుకొచ్చి తన కళ్లతో చూసుకున్నాడు. "షీటు మీదికి ఎక్కించేశానండీ. ఇంక దాన్ని ఎవరూ మూయలేరు" అని బాజీ మాటిచ్చాడు.

గీతలు ఆయనవే. అక్షరాలు మాత్రం హఫ్సా చేత రాయించాడు, ఆ వారం ఆయన బొటనవేలు తలుపులో పడి వాచింది. అన్నీ ఇంగ్లీషు పెద్దక్షరాలే. ఒక్క తూము దగ్గర మాత్రం, రైతులు కూడా చదువుకోవాలని, ఆ పిల్ల తెలుగులో 'తూము' అని రాసింది. నీలం కాపీలు తీసుకోడానికి వచ్చిన ఇంజినీరు అసలు షీటును కిటికీ దగ్గర వెలుతురుకి పట్టి చూశాడు. "మాస్టారూ, ఏం రాతండీ ఇది! మీ చేతికి కడియం తొడగాలి" అన్నాడు. హఫ్సా పక్కనే ఉంది. బాజీ ఒక చిరునవ్వు నవ్వి ఊరుకున్నాడు. ఆ పిల్లా ఏమీ అనలేదు.

తర్వాత కాలం మారింది. కంప్యూటర్లొచ్చి ఇంకు పెన్నులు ఎండిపోయాయి. అమ్మోనియా మిషను మీద ఆయన భార్య ఫాతిమా ఇప్పుడు మడతపెట్టిన దుప్పట్లు పెడుతుంది. హఫ్సా మాత్రం డిప్లొమా చదివి, విజయవాడలో పని చేసి, తాడేపల్లిగూడెంలో ఒక పెద్ద కట్టుబడి కంపెనీలో బిమ్ కోఆర్డినేటర్ అయింది, అంటే కట్టబోయే బిల్డింగును ముందే కంప్యూటరులో కట్టి చూసే పని. ఈ కబుర్లన్నీ బాజీ చెవిని పడుతూనే ఉండేవి. పడ్డప్పుడల్లా భార్య చేసిన కూరలో ఉప్పు ఎక్కువైందనేవాడు.

"ఉప్పు సరిపోయింది. హఫ్సాకి ప్రమోషనొచ్చిందటగా, అదీ మీ బాధ" అనేది ఫాతిమా.

మొన్న ఒక మంగళవారం హఫ్సా కారు షాపు ముందు ఆగింది. ఇప్పుడు నలభయ్యేళ్ల మనిషి, జుట్టులో ఒకటి రెండు తెల్ల వెంట్రుకలు. వస్తూనే "బాగున్నారా మాస్టారూ" అని, పని నేర్చుకునే రోజుల్లో కూర్చున్న ఆ కుంటి స్టూలు మీదే కూర్చుంది. ఐసు ఫ్యాక్టరీని బాపిరాజు గారని కైకలూరు చేపల వ్యాపారి కొన్నాడట. దాని పక్కనే రొయ్యల కోల్డ్ స్టోరేజీ కడతాడట. డిజైనూ కట్టుబడీ రెండూ వాళ్ల కంపెనీదేనట.

"ఇంజినీరు వేరు, కాంట్రాక్టరు వేరు కాదు మాస్టారూ. అందరం ఒకే ఒప్పందంలో ఉంటాం. తప్పొస్తే అందరిదీ. అందుకే ముందే అన్నీ కంప్యూటరు మోడల్లో చూసుకుంటాం" అంది.

అందరూ ఒకటే అయితే పోట్లాట ఉండదు. పోట్లాట లేకపోతే షీటు తీయమనేవాడుండడు. మధ్యలో బాజీ ఎందుకు? ఆ పిల్ల మామూలుగా చెప్పిన మాట ఆయన గుండెల్లో ముల్లులా దిగింది.

"పాత ఐసు ఫ్యాక్టరీ షీట్లన్నీ కావాలి మాస్టారూ. పునాదికి పైళ్లు, అదే కాంక్రీటు స్తంభాలు, లోతుగా దింపాలి కదా, నేల కింద ఏముందో తెలియాలి."

బాజీ లోపలికి వెళ్లాడు. రెండు గొట్టాలు పక్కపక్కనే ఉన్నాయి. ఒకదాన్లో మంజూరైన ప్లాను, రెండో దాన్లో తూము ఉన్న షీటు. ఆయన చెయ్యి రెండో దాని మీద పడింది, వెనక్కి వచ్చింది. అంత గొప్ప కంప్యూటరు కదా, ఆ తెరలో కనిపించకపోతుందా, కనిపించకపోతే ఒక్కసారి దాని పరువూ పోనీ, ఈ పిల్ల పరువూ పోనీ అనుకున్నాడు. మొదటి గొట్టం తెచ్చి చేతిలో పెట్టాడు.

హఫ్సా దాన్ని విప్పి చాలాసేపు చూసింది. "ఇంకో షీటేమైనా ఉందా మాస్టారూ?"

"ఉండేదమ్మా. చెదలు తినేసింది."

ఆమె తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. "ఒకసారి వెతకండి మాస్టారూ. సోమవారం దాకా టైముంది" అని లేచింది. గురువారం సైటులో మీటింగుందనీ, ఆయన తప్పకుండా రావాలనీ చెప్పి వెళ్లింది.

వెళ్లకూడదనుకుంటూనే వెళ్లాడు. రేకుల షెడ్డులో గోడకి పెద్ద తెర. తెర మీద ఇంకా పుట్టని కోల్డ్ స్టోరేజీ నిలబడి ఉంది. హఫ్సా ఒక దూలం మీద నొక్కితే అదెంత పొడవో, ఎన్ని కడ్డీలో, ఏ రోజు పోత పోస్తారో వచ్చింది. పైకప్పు కింద ఒక చోట ఎర్రగా వెలిగింది. గదుల్ని చల్లబరిచే అమ్మోనియా గొట్టం దూలంలోంచి దూసుకుపోతోంది. డిజైను చేసినవాడూ, కట్టేవాడూ, గొట్టాలవాడూ అక్కడే ఉన్నారు. గొట్టాన్ని అడుగు కిందికి దించారు. రెండు నిమిషాల పని. ఒక్కడు గొంతు పెంచలేదు.

"ఇదంతా మాస్టారు నేర్పిందేనండీ, గాజు బల్ల మీద" అంది హఫ్సా అందరితో.

అందరూ ఆయన వైపు తిరిగి నవ్వారు. బాజీకి ఒళ్లు మండిపోయింది. తను కళ్లు కాయలు కాచేలా మూడు రోజులు చూసి పట్టుకునేది ఈ పిల్ల మీట నొక్కి పట్టేసి, పైగా పేరు తనకి దానం చేస్తోంది! తిట్టినా ఇంత మండేది కాదు. పునాదుల బొమ్మ తీసే లోపే పనుందని చెప్పి బస్సెక్కేశాడు. రొయ్యల చెరువుల పక్కన బస్సు పోతున్నంత సేపూ సోమవారం పైలింగ్ మిషను తూములోకి దిగినట్టు, నీళ్లు ఎగదన్నినట్టు, హఫ్సా తెల్లమొహం వేసినట్టు ఊహించుకున్నాడు. హాయిగానే ఉంది. ఏలూరు వచ్చేసరికి ఆ హాయి ఎందుకో కాస్త పులిసింది.

ఆదివారం మధ్యాహ్నం గంగాధరరావు ఫోను చేశాడు. డెబ్బై దాటిన గొంతు, వణుకుతోంది.

"మాస్టారూ, ఐసు ఫ్యాక్టరీ దొడ్లో ఏదో పెద్ద మిషను దింపారండీ. భూమిలోకి దించుతారంట. మన తూము షీటు మీద ఉంది కదండీ?"

"ఉందండీ" అన్నాడు బాజీ. నోరు తనంతట తనే అనేసింది. ముప్పై ఐదేళ్లుగా షీటు మీద ఉన్నదాన్ని లేదని చెప్పిన నోరు కాదది.

"అయితే భయం లేదు" అని ఆ ముసలాయన ఫోను పెట్టేశాడు.

ఫాతిమా గుమ్మంలో నిలబడి వింటోంది. "ఏవండీ, చెదలు తినేసిన షీటు మళ్లీ మొలిచిందా?"

"నీకు తెలీదులే."

"తెలుసు. ఆ పిల్లంటే మీకు మొదట్నించీ కళ్లమంట. దాని మీద కోపంతో ఆ ముసలాయన చేలు ముంచుతారా? పడుకోండి, పొద్దున్నే మొదటి బస్సుంది."

సోమవారం బాజీ రేకు గొట్టాన్ని ఒళ్లో పెట్టుకుని కైకలూరు బస్సులో కూర్చున్నాడు. దారి పొడుగునా మనసులో మాటలు సిద్ధం చేసుకున్నాడు. అటకంతా వెతికాననాలి. మిషను సరిగ్గా తూము మీద దిగబోతుంటే ఆపండని అరవాలి. అందరూ నోళ్లు తెరవాలి. అప్పుడు పాపం హఫ్సా తలొంచుకోవాలి. ఈ మనిషి మంచి పనికి బయల్దేరినా కుళ్లు సంచిలో వేసుకునే బయల్దేరాడు.

సైటుకి చేరేసరికి మిషను ఉత్తరం మూల పని చేస్తోంది. తూము ఉన్న పడమటి వైపు చుట్టూ తాడు కట్టి ఉంది. అక్కడ ఒక్క మనిషి లేడు.

"వచ్చారా మాస్టారూ!" అని బాపిరాజు ఎదురొచ్చాడు. "మీ కోసం వారం నుంచీ ఆ మూల ఆపించేసిందండీ ఈవిడ. నేల కింద ఏముందో చూసే మిషను పెట్టి వెతికిద్దామంటే వినదే! మాస్టారి దగ్గర షీటుంది, పాతవన్నీ తీసి వెతకాలి కదా, పెద్దాయన, కాస్త టైమివ్వండి అంటుంది."

షెడ్డులో తెర మీద పునాదులున్నాయి. పైళ్ల మధ్య నుంచి పసుపుపచ్చగా ఒక పెట్టె అడ్డంగా పోతోంది. దాని మీద రాసుంది: 'ఇక్కడ తూము ఉంది. కొలతలు బాజీ మాస్టారి షీటు వచ్చాక. అప్పటిదాకా పైలు వేయరాదు.' కింద తేదీ ఉంది. ఆమె షాపుకి రావడానికి ముందు రోజు తేదీ.

తెలుసన్న మాట. చెదలు అన్నప్పుడే తెలుసు. తెలిసే ఆ స్టూలు మీద కూర్చుని, తెలిసే లేచి వెళ్లింది. అటక మాట తను చెప్పక ముందే తన తరఫున ఆమే చెప్పేసింది.

"తెచ్చారా మాస్టారూ?" అంది హఫ్సా. గొంతులో ఏ దెప్పూ లేదు.

ఆయన గొట్టం ఇచ్చాడు. ఆమె షీటు బల్ల మీద పరిచి, నాలుగు మూలలా నాలుగు సెల్‌ఫోన్లు పెట్టింది. ఇరవై రెండేళ్లయినా ఇంకు చెక్కు చెదరలేదు. బాపిరాజు కళ్లజోడు సర్దుకుని వంగాడు. 'తూము' అన్న మాట మీద వేలు పెట్టాడు.

"అబ్బ, ఏం రాతండీ! ఇలా రాసే చేతులు ఇప్పుడెక్కడున్నాయి? మీదేనా మాస్టారూ?"

షెడ్డులో అందరూ ఆయన వైపే చూస్తున్నారు, ఒక్క హఫ్సా తప్ప. ఆమె తెర వైపు తిరిగి ఏదో కొలత దిద్దుతోంది. కాదని అనదు. అప్పుడూ అనలేదు, ఇప్పుడూ అనదు. ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. చిరునవ్వు నవ్వి ఊరుకుంటే సరిపోతుంది.

పెదాలు సగం నవ్వాయి కూడా.

"కాదండీ" అన్నాడు బాజీ. "గీతలు నావి. రాత నాది కాదు. ఆ అమ్మాయిది. అప్పుడే చెప్పాల్సింది, చెప్పలేదు."

మీట మీద హఫ్సా వేలు ఆగిపోయింది. వెనక్కి మాత్రం తిరగలేదు. చున్నీ కొంగుతో కళ్లు తుడుచుకుంది.

కాసేపటికి కొలతలన్నీ ఎక్కించి, పసుపుపచ్చ పెట్టెను ఆకుపచ్చగా మార్చింది. షీటు ఇచ్చినవారు సంతకం పెట్టాలని పెన్ను అందించింది. షీటు కుడి మూల గడిలో ఇరవై రెండేళ్లుగా ఒకే పేరుంది. బాజీ దాని కింద ఉన్న ఖాళీలో, ఏళ్ల తర్వాత పెన్ను పట్టి, 'అక్షరాలు: హఫ్సా' అని రాశాడు.

రాసి చూసుకున్నాడు. వంకరగా వచ్చింది. పైన ఆమె రాసిన 'తూము' ముత్యంలా ఉంది. ఆయనకు మళ్లీ కడుపులో మండింది.

"బాగుందమ్మా నీ రాత" అన్నాడు, షీటు మీంచి కళ్లు తీయకుండానే.