కెన్ కుర్చీలోంచి లేవలేదు

దయ్యాల కబుర్లు చెప్పేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది. తెనాలి దగ్గర పుట్టి, మిషన్ ఆసుపత్రిలో నర్సింగ్ చదివి, శవాల గది పక్కనే కూర్చుని టిఫిన్ తిన్నదాన్ని. ఇప్పటికీ దయ్యాల్ని నమ్మను. 1990లో మెల్‌బోర్న్‌లో జరిగింది జరిగినట్టు చెబుతాను, తర్వాత మీ ఇష్టం.

మతిమరుపు జబ్బు ముదిరిన పెద్దవాళ్ళ నర్సింగ్ హోమ్‌లో నా డ్యూటీ. అక్కడ కెన్ అంటే అందరికీ హడల్. వయసులో ఉండగా గొర్రెల ఉన్ని కత్తిరించేవాడు. భార్య పేరు కూడా మరిచిపోయాడు గానీ చేతులు మాత్రం పని మరవలేదు. మధ్యాహ్నం మూడయ్యేసరికి దొరికినవాళ్ళని వెల్లకిలా పడేసి, మోకాళ్ళ మధ్య ఇరికించి, ఎడమచేత్తో గొంతు పట్టేవాడు. కుడిచెయ్యేమో చేతిలో లేని కత్తెరని ఆడించేది. ఒక ఆయాకి ముందుపళ్ళు రెండు ఊడిపోయాయి.

ఒకరోజు నా జడ దొరకబుచ్చుకున్నాడు. నా పని అయిపోయిందనుకున్నాను. నేను రోజూ కొబ్బరినూనె రాసుకుంటాను. ఆ జిడ్డు వేళ్ళకి తగలగానే పట్టు సడలింది. కత్తిరించిన పచ్చి ఉన్ని కూడా అలాగే జిడ్డుగా ఉంటుందట. చంటిపిల్లాడిలా జడకొస నిమురుతూ కూర్చున్నాడు.

అప్పట్నుంచి రోజూ మూడింటికి పక్కన కూర్చుని జడ ఆయన చేతికిచ్చేదాన్ని. నెలరోజులు ఎవరిమీదా చెయ్యెత్తలేదు. డాక్టరు మాత్రలు సగానికి తగ్గించారు.

మా నర్సులందరిమీదా పెద్ద, ఛార్జ్ సిస్టర్ మార్గరెట్‌కి ఇది గిట్టలేదు. నూనె కంపని, ప్రమాదమని ఆపించింది. మర్నాడే కెన్ ఆవిడ మెడ పట్టాడు. నలుగురం లాగితేగానీ వదల్లేదు. ఇక రోజూ బెల్టు కుర్చీలో కట్టేసి గట్టి మోతాదులో మత్తు ఇంజెక్షన్ ఇవ్వాలంది. ఇవ్వాల్సింది నేను. అంత మోతాదు ఆ వయసువాడు తట్టుకోడని నాకు తెలుసు.

ఇంటికొచ్చి మా ఆయనతో చెబితే, "సిస్టరుతో పెట్టుకోమాకు. నాకింకా ఉద్యోగం దొరకలా. నీది గూడా పోతే పిల్లల్ని తీసుకుని యాడికి పోతాం?" అన్నాడు.

మర్నాడు రెండున్నరకి ఇచ్చాను. పది నిమిషాల్లో తల వాలిపోయింది, నోటివెంట చొంగ కారింది. బెల్టు బకిల్ వీపు వెనక ఉంది, నేనే బిగించాను. ఆయన పక్కనుంచి కదల్లేదు.

మూడవుతుండగా, కళ్ళు మూసుకునే మోకాళ్ళు రెండూ దగ్గరికి బిగించాడు. కుడిచెయ్యి గాలిలో నిదానంగా, పొడుగ్గా ఊగసాగింది. మందు ప్రభావం అనుకున్నాను. అప్పుడే హాలు చివర దుప్పట్ల గదిలోంచి మార్గరెట్ కేకలు వినపడ్డాయి. కెన్ చెయ్యి ఆగలేదు. అది ఆగి ఒళ్ళో పడ్డాకే నా కాళ్ళు కదిలాయి.

మార్గరెట్ నేలమీద వెల్లకిలా పడి ఉంది. మెడమీద వేళ్ళ అచ్చులు. పక్కటెముకలు రెండు విరిగాయని తర్వాత తేలింది. తలమీద జుట్టంతా పోయి, గొర్రె ఉన్ని తీసినట్టు ఒకే ముక్కగా పక్కన పడి ఉంది. నెత్తిన చిన్న గాటు కూడా లేదు. కత్తెరలన్నీ బీరువాలో ఉన్నాయి, దాని తాళంచెవి ఆవిడ నడుముకే ఉంది.

కెనే చేశాడంది ఆవిడ. ఆయన లేవలేదని నేను నెత్తీనోరూ కొట్టుకున్నాను. మేనేజరు ఒక కాగితం ముందుకు తోశాడు. నేను బెల్టు వదులుగా కట్టి టీకి వెళ్ళానని అందులో ఉంది. ఆయన గొంతు పెంచలేదు. "సంతకం పెడితే ఉద్యోగం ఉంటుంది. లేదంటే రేపట్నుంచి రానక్కర్లేదు" అన్నాడు.

పెట్టాను. కెన్‌కి మోతాదు రెట్టింపు చేశారు. అదీ నా చేత్తోనే ఇచ్చాను. తొమ్మిదోరోజు పోయాడు.

ఆ గదిలో ఏం జరిగిందో నాకీనాటికీ తెలీదు. ఎన్నిసార్లు ఆలోచించినా తెగలేదు. ఆయన కుర్చీలోంచి లేవలేదని మాత్రం తెలుసు. తెలిసే సంతకం పెట్టాను.